మార్పు అంటే ఏమిటి, దానికి పర్యాయపదాలు ఏవి?

మీ అబ్బాయి హోంవర్కు కోసం ‘మార్పు’కు అర్థం, పర్యాయపదాలు అడిగారు. అర్థం తేలికే, ఉన్న తీరు పోయి వేరే తీరు రావడం. ‘మారు’ అనే క్రియ నుంచి వచ్చిన మాట. పర్యాయపదాలంటే గైడ్లలో పరివర్తన, పరిణామం, మార్పిడి, రూపాంతరం, వికారం అని ఉంటాయి. మార్కులకు ఇవి సరిపోతాయి. సొంతవాక్యం రాయమన్నప్పుడే పిల్లలు తడబడతారు, ఎందుకంటే ఇందులో ఏ రెండు మాటలూ ఒకదాని చోట ఇంకొకటి ఇమడవు.

నేను చాలా ఏళ్లు పత్రిక డెస్కులో పనిచేశాను. ఒక రాత్రి కొత్తగా చేరిన కుర్రాడు ఆపరేషన్ వార్తకు ‘రైతుకు గుండె మార్పు’ అని హెడ్డింగు పెట్టాడు. మా ఇన్‌చార్జి గారు ప్రింటు మీద ‘పు’ కొట్టేసి, పైన ‘పిడి’ అని రాసి, “గుండె పాతదేనా, వేరేది పెట్టారా?” అని అడిగారు. “వేరేది పెట్టారు సార్” అన్నాడు. “అయితే మార్పిడి” అన్నారు, అంతే. అంతకంటే బాగా ఈ తేడా చెప్పినవాళ్లను నేను చూడలేదు. వస్తువు అదే ఉండి తీరు మారితే మార్పు, ఒకటి పోయి దాని చోట ఇంకొకటి వస్తే మార్పిడి. అందుకే వాతావరణ మార్పు అంటాం గానీ వాతావరణ మార్పిడి అనం, పంట మార్పిడి, అవయవ మార్పిడి, 1947లో జరిగిన అధికార మార్పిడి, 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినప్పుడు బ్యాంకుల ముందు గంటలకొద్దీ నిలబడి చేసుకున్న నోట్ల మార్పిడి, అన్నీ ఈ లెక్కలోవే. వ్యాకరణం చదివిన పిల్లలకైతే ఆదేశం, అంటే ఒక అక్షరం పోయి దాని చోట ఇంకొకటి రావడం, గుర్తుచేయండి: రారు, కదా కలిస్తే ‘రారుగదా’ అయినట్టు, ‘క’ను వెళ్లగొట్టి ‘గ’ కూర్చుంటుంది. ఆదేశం శత్రువులాంటిది, ఉన్న అక్షరాన్ని తీసేయకుండా పక్కన వచ్చి చేరే ఆగమం మిత్రుడిలాంటిది అని మాస్టార్లు చెప్పేది ఇందుకే.

వికారంతో మాత్రం జాగ్రత్త. సంస్కృతంలో దానికి మార్పు అనే అర్థం ఉన్నమాట నిజమే, నిఘంటువుల్లోనూ ఉంటుంది. కానీ మనకు వికారమంటే కడుపులో తిప్పడం, లేదా చూడ్డానికి అసహ్యంగా ఉండటం. మా అమ్మాయి స్కూల్లో ఉన్నప్పుడు గైడు చూసి ‘మా ఊరిలో ఎంతో వికారం వచ్చింది’ అని రాసుకొచ్చింది, తప్పు పిల్లది కాదు, ఏ మాట ఎక్కడ వాడతారో చెప్పకుండా వరసగా పేర్చిన గైడుది. మాటల వరస బట్టీ పట్టించి భాష నేర్పామనుకోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

మిగతావాటికి వస్తే, పరిణామం మెల్లగా, దశలవారీగా జరిగేది, జీవపరిణామం అన్నట్టు. బహువచనంలో వాడితే ‘తీవ్ర పరిణామాలుంటాయి’ అని పర్యవసానం అర్థం కూడా వస్తుంది. పరివర్తన ఎక్కువగా మనిషి లోపల జరిగేదానికి వాడతాం, ‘జైలుకెళ్లొచ్చాక అతనిలో పరివర్తన వచ్చింది’ అంటాం. రూపాంతరం ఆకారానికి. గొంగళిపురుగు సీతాకోకచిలుక కావడాన్ని తెలుగు మీడియం సైన్సు పుస్తకాల్లో రూపవిక్రియ అంటారు.

సవరణ, సంస్కరణ, బదిలీ, ఫిరాయింపు కూడా ఈ కుటుంబంలోవే. సవరణ ఉన్న రాతను దిద్దడం, లేదా దానికి ఏదైనా చేర్చడం, 1976లో 42వ రాజ్యాంగ సవరణతో పీఠికలో సామ్యవాద, లౌకిక అనే మాటలు చేరినట్టు. సంస్కరణలో బాగుచేయాలన్న ఉద్దేశం ఉంటుంది. బదిలీ చోటు మారడం. ఇక నాయకుడు పార్టీ మారాడంటే అది జరిగిన విషయం చెప్పడమే, ఫిరాయించాడంటే మాత్రం అందులో తప్పుపట్టడం కూడా ఉంది, అందుకే డెస్కులో ఆ రెండింట్లో ఏది రాయాలన్న దానిమీద గట్టి వాదనలే నడిచేవి.

మామూలు మాటల్లో అయితే మార్పే చాలు. జ్వరం తగ్గలేదంటే ‘ఏం మార్పు లేదండీ’ అంటాం, ఒంట్లో బాగోకపోతే గాలి మార్పు కోసం నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్లొస్తాం, అక్కడ పరివర్తన అంటే ఎవరైనా తెల్లబోతారు. మీ వాడిని పర్యాయపదాలుగా పరివర్తన, పరిణామం రాయమనండి, వికారం వదిలేయమనండి. ఇంకా కావాలంటే ఆంధ్రభారతి వెబ్‌సైటులో చాలా నిఘంటువులు ఒకేచోట వెతకొచ్చు, అయితే అర్థంతో పాటు కింద ఇచ్చిన ప్రయోగాలు కూడా చదివించండి.