మే నెలల గిలకలదిండికి పోయిన తమ్మునికి

తమ్మీ,

నీ కథ రెండుసార్లు చదివిన. ఎండుచాపల సంచి బస్సుల మర్చిపోయిన ముసలమ్మ బాగున్నది. మిగతాది చదువుతుంటే కోపమొచ్చింది, అందుకే ఈ ఉత్తరం.

మే నెల పొద్దుగూకేటప్పుడు బందరు కాడి గిలకలదిండి హార్బర్‌కు మరపడవలు బారులుగట్టి వస్తున్నయని రాసినవు. ఎట్లొస్తయి? తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాక, 61 రోజులు వేట బంద్. చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవలను, మోటారు పడవలను ఆపుతరు. ఇంజను లేని నాటు పడవలకే మినహాయింపు. అప్పుడు ఒడ్డు మీద నడిచేది వేరే పని: చిరిగిన వలలు అల్లుతరు, ఇంజన్లు విప్పి బాగుచేస్తరు, పడవలకు రంగులేస్తరు, సర్కారు భృతి ఎప్పుడు పడ్తదని లెక్కలేసుకుంటరు. నువ్వు రాయాల్సిన కథ ఆడ ఉండె.

ఇంకోటి. పాకాల చెరువుల వల వేసి మాపటికి ఇల్లు చేరినట్టు నీ సరంగు, అదే బోటు నడిపేటాయన, పొద్దున పోయి సాయంత్రం వచ్చిండు. అట్ల వచ్చేవి చిన్న ఫైబర్ పడవలు. పెద్ద బోటు డీజిలు, మంచినీళ్లు, బియ్యం, ఐసు ఎక్కించుకొని రోజుల తరబడి సముద్రం మీదనే ఉంటది. ఐసు అయిపోతే, వేట ఎంత బాగున్నా, మళ్లాల్సిందే.

ఏ ఊరి మీద రాసినా ముందు ఆ ఊరి పని వరుస పట్టుకోవాలె. ఏ నెలల ఏ పని, దాని తర్వాత ఏది, ఎక్కడ చెడుతది. నా మొండిపట్టు అనుకో, నేను మారను. ఆదివారం సంచికల సంపాదకులు తూకాలు, తేదీలు కొట్టేసి సముద్రపు గాలిని మాత్రం ఉంచుతరు. ఇప్పుడు డ్రోన్ మీదికెళ్లి చూసినట్టు రాసుడు ఒకటి మొదలైంది. అంత ఎత్తు నుంచి రొయ్య తల నల్లబడ్డది కనపడదు. ఆ నలుపుతోనే ధర పడిపోతది. పట్టంగనే కడిగి, నలగ్గొట్టిన ఐసు దాదాపు సరుకంత బరువు వెయ్యకపోతే అట్లయితది.

మంగినపూడి తీరానికి 'బంగారు ఇసుక' అన్నవు. అది నల్లమట్టి, తడి మీద కాలు దిగబడ్తది.

పోటీకి పంపాల్నా, పేరు మార్చాల్నా అని అడిగినవు. దానికంటే ముందు కలంకారీ అద్దకపు ఊరు పెడన సంగతి చూడు. నీ కలంకారీ పనాయన అచ్చును ఎర్ర రంగుల ముంచి బట్ట మీద అద్దిండు. బట్టను ముందు కరక్కాయ, బర్రెపాలు కలిపిన నీళ్లల్ల నానబెట్టి ఎండబెడ్తరు. పాల కొవ్వు ఉంటె రంగు పక్కకు పాకదు. ఇనుప తుక్కు, బెల్లం నీళ్లల్ల వారాల తరబడి పులియబెట్టిన కసిమి అద్దితే, కరక్కాయ తగిలి నలుపు తేలుతది. ఎరుపు కావాల్సిన చోట అద్దేది పటిక. దానికి సొంత రంగు లేదు. అద్దిన బట్టను కొన్ని రోజులు ఆరనిచ్చి, పారే నీళ్లల్ల జాడిస్తరు. నిలువ నీళ్లల్ల ఉతికితే వదిలిన పటిక మళ్ల ఖాళీ జాగకు అంటుతది, అక్కడ కూడా ఎర్రబడ్తది. ఆ తర్వాత మంజిష్ఠ వేరుతోనో, ఇప్పుడైతే ఎక్కువగా కారఖానల తయారైన రంగు అలిజరిన్‌తోనో రాగి పాత్రల ఉడకబెడ్తరు. పటిక పడ్డ చోట ఎరుపు అప్పుడు పుడ్తది. నీ కథల ప్రేమికులు చెయ్యి పట్టుకునే ఘట్టం అద్దకం కాడ పెట్టినవు, దాన్ని ఈ ఉడుకు కాడికి జరుపు.

మళ్ల పో. వరంగల్ నుంచి విజయవాడ, అక్కడికెళ్లి గుడివాడ మీదుగ బందరు రైలు. పెడన, రోల్డుగోల్డు నగల చిలకలపూడి, రెండూ బందరుకు ముందే వస్తయి. హార్బర్‌కు జూన్ 15 దాటినంక పో, తెల్లారేసరికి వేలంపాట కాడ ఉండు. పెడనకు మాత్రం అదే నెలల పోకు. వాన పడ్తే బట్ట ఎండదు, అద్దకం ఆగిపోతది. అది ఎండ కాసే రోజుల పని. రెండుసార్లకు ఖర్చెక్కువైతదంటే, రెండిట్ల ఒకటి కథల నుంచి తీసెయ్.

మీ అన్న
హన్మకొండ