పెళ్లి లేకుండా 11 ఏళ్లు కలిసి ఉన్నాం. ఇంట్లో నాకు వాటా వస్తుందా?

సందేహం: విడాకులు తీసుకున్న ఒకాయనతో 11 ఏళ్లు కలిసి ఉన్నాను. పెళ్లి చేసుకోలేదు, పిల్లలు లేరు. నాలుగు నెలల క్రితం ఆయన గుండెపోటుతో పోయారు. ఇల్లు ఆయన పేరునే ఉంది, లోను వాయిదాల్లో సగం నా జీతంలోంచి కట్టాను. ఆయన అన్నగారు ఇల్లు ఖాళీ చేయమంటున్నారు. గుడి నుంచి పాత తేదీతో పెళ్లి సర్టిఫికెట్ ఇప్పిస్తామని తెలిసినవాళ్లు అంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: ఆయన మిమ్మల్ని ఎంత ప్రేమగా చూసుకున్నారో రెండు పేజీలు రాశారు. కేసును తేల్చేది మాత్రం 'పెళ్లి చేసుకోలేదు' అన్న మాటే. చాలాకాలం దంపతుల్లా ఉంటే పెళ్లయినట్టే కోర్టు భావిస్తుందని విని ఉంటారు. పెళ్లికి రుజువు దొరకనప్పుడు ఆ భావన ఆదుకుంటుంది. పెళ్లి జరగలేదని మీరే ఒప్పుకున్నాక నిలవదు. హిందూ వారసత్వ చట్టం కింద మీరు వారసురాలు కారు. వీలునామా ఉంటే సంగతి వేరు. ఆయన కాగితాలన్నీ వెతకండి. రిజిస్టర్ కాకపోయినా ఫర్వాలేదు, ఆయన సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి.

సర్టిఫికెట్ జోలికి పోవద్దు. మీ సర్వీసు రికార్డులో, బీమా ఫారాల్లో 'అవివాహిత' అని ఎక్కడుందో ఎదుటి వకీలు ముందు అదే వెతుకుతారు. ఆ తర్వాత పూజారిని బోనెక్కిస్తారు. ఫోర్జరీ కేసు ఒక ఎత్తు, మీకు నిజంగా ఉన్న హక్కును కూడా జడ్జి నమ్మకపోవడం ఇంకో ఎత్తు.

ఆ హక్కు 2005 నాటి గృహహింస చట్టంలో ఉంది. 'వివాహం లాంటి బంధం'లో ఉన్న స్త్రీ, ఇల్లు తనది కాకపోయినా, సెక్షన్ 19 కింద నివాస ఉత్తర్వు అడగవచ్చు. పురుషుడి బంధువుల మీద కూడా కేసు వేయవచ్చు. అన్నగారు మీతో ఒకే ఇంట్లో ఉండలేదని వాదన వస్తుంది. కేసు వేసిన స్త్రీ ఎదుటివాళ్లతో ఒకే ఇంట్లో ఉండి తీరాలని లేదన్న 2022 నాటి సుప్రీంకోర్టు ప్రభా త్యాగి తీర్పు అక్కడ పనికొస్తుంది, కానీ అది పెళ్లయిన కోడలి కేసని వాళ్లూ ఎత్తిచూపుతారు.

'వివాహం లాంటి బంధం' అనిపించుకోవాలంటే, 2010 నాటి సుప్రీంకోర్టు వేలుసామి తీర్పు ప్రకారం ఇద్దరూ పెళ్లికి అర్హులై ఉండాలి, లోకం ముందు దంపతుల్లా మెలగాలి. అందుకే ఆయన విడాకుల డిక్రీ (కోర్టు ఉత్తర్వు) సర్టిఫైడ్ నకలు ఈ వారమే దరఖాస్తు పెట్టి తీసుకోండి. డిక్రీకి ముందు కలిసి ఉన్న కాలాన్ని నమ్ముకోకండి. మీరు నింపిన ఫారాల కన్నా ఆయన చేత్తో నింపినవే బలం: బీమా నామినీ గడిలో 'భార్య' అని ఆయన రాసి ఉంటే అది వంద ఫొటోల పెట్టు. వాట్సాప్ సందేశాలను కోర్టులో చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయాలి. పాత ఫోను అమ్మేయకండి.

ఇంకా ఇంట్లోనే ఉన్నారు కాబట్టి మిమ్మల్ని ఖాళీ చేయించకుండా ఆపమని కోర్టును అడుగుతూ వెంటనే ఇంజంక్షన్ దావా వేయండి. 'కూర్చుని మాట్లాడుకుందాం' అన్నా తాళం చెవులు ఇవ్వొద్దు. బలవంతంగా గెంటేస్తే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద స్వాధీనం తిరిగి అడగవచ్చు, ఇల్లు ఎవరిదన్నది అక్కడ చూడరు. గడువు 6 నెలలే.

ఇక వాయిదాల సొమ్ము. అన్నేళ్లు జీతం పోస్తూ సేల్ డీడులో పేరు వేయించుకోలేదు, కనీసం అప్పు కాగితం రాయించుకోలేదు. ఈ అజాగ్రత్తకు ఇప్పుడు మూల్యం చెల్లించాల్సిందే. ఆయన తరఫున కట్టిన సొమ్మని వారసుల మీద, ఆయన ఆస్తి మేరకు, దావా వేయవచ్చు. ఇంటి ఖర్చులో మీ వంతే అది అని వాళ్లు అంటారు. పైగా ఒక్కో వాయిదాకు కట్టిన రోజు నుంచి 3 ఏళ్ల గడువు విడిగా నడుస్తుంది, పాతవి నెలనెలా రాలిపోతుంటాయి. లోను ఖాతా స్టేట్‌మెంటు, మీ బ్యాంకు స్టేట్‌మెంటు పక్కపక్కన పెట్టి తేదీలు గుర్తించండి. లీగల్ నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు, దావా దాఖలైన తేదీనే చూస్తారు.