క్యూలో నిలబడితే చాలు, కోపం కట్టలు తెంచుకుంటోంది

ప్రశ్న: నా వయసు 41. ఉద్యోగం, సంసారం అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఎక్కడైనా క్యూలో నిలబడాల్సి వస్తే నా మీద నాకే అదుపు ఉండదు. నేనెప్పుడూ మధ్యలో దూరను. ఎవరైనా దూరితే మాత్రం ఊరుకోలేను, అరిచేస్తాను. కౌంటర్‌లో ఉన్నవాళ్ళు నెమ్మదిగా పనిచేసినా అరుస్తాను. ఈమధ్య ఒక ఆసుపత్రిలో మందుల కోసం నిలబడితే ఒక పెద్దావిడ వచ్చి సరిగ్గా నా ముందు నిలబడింది. "వెనక ఇంతమంది ఉంటే కళ్ళు కనబడట్లేదా?" అని గట్టిగా అన్నాను. తీరా చూస్తే ఆవిడ అంతకుముందే లైన్లో ఉందట. చీటీ మీద సంతకం పెట్టించుకోవడానికి పక్కకి వెళ్ళి వచ్చిందట. ముందున్నాయన చెప్పాడు. ఆవిడ నన్నొక్క మాట కూడా అనలేదు. నా తొమ్మిదేళ్ళ కూతురు నా చెయ్యి వదిలించుకుని వెళ్ళి దూరంగా కూర్చుంది. ఇప్పుడు నా భార్య "మీతో బయటికి రావాలంటే టెన్షన్‌గా ఉంటోంది, నేను రాను" అంటోంది. తప్పు జరుగుతుంటే అడగడం కూడా తప్పేనా? నేను ఎలా మారాలి?

జవాబు: అడగడం తప్పు కాదు. వరస తప్పినవాణ్ణి ఎవరూ అడక్కపోతే కాసేపటికి అక్కడ వరసే ఉండదు. ఆ మేరకు న్యాయం మీవైపే ఉంది. అయితే మీ ఉత్తరంలో ఉన్నది ఒక కోపం కాదు, రెండు. మధ్యలో దూరేవాళ్ళ మీద ఒకటి, కౌంటర్ వెనక కూర్చున్నవాళ్ళ మీద ఒకటి. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని కూడా న్యాయం ఖాతాలో వేసేస్తున్నారు.

ఆ రెండోదాని సంగతి ముందు తేల్చేద్దాం. కౌంటర్‌లో మనిషి ఆలస్యం చేస్తున్నట్టు మీకు కనిపించేది చాలాసార్లు ఆ మనిషి చేతిలో లేని ఆలస్యం. కంప్యూటర్ తిరుగుతూ ఉంటుంది, ముందున్నాయన తేవాల్సిన కాగితం మర్చిపోయి ఉంటాడు, ఇద్దరు చేసే పని ఒక్కరి మీద పడి ఉంటుంది. మీరు అరిస్తే ఆ చేతులు వేగంగా కదలవు. కంగారులో ఒక అంకె తప్పు కొడతారు, మళ్ళీ మొదటికొస్తుంది. పైగా తిరిగి అరిచే వీలు లేని మనిషి మీద అరుస్తున్నారు. ఇందులో ప్రశ్నించడం ఏమీ లేదు. ఇది పూర్తిగా మానేయాల్సిందే, మెల్లమెల్లగా తగ్గించుకోవాల్సింది కాదు.

ఇక మొదటిది. మీకు మండుతున్నది నిమిషాలు పోతున్నందుకు కాదు. లైన్ ఎంత పొడుగున్నా అందరూ వరసలో కదులుతుంటే ఇంత కోపం వచ్చిన సందర్భం మీ ఉత్తరంలో ఒక్కటీ లేదు. డేవిడ్ మైస్టర్ అనే ఆయన 1985లో ఎదురుచూపుల మనస్తత్వం మీద రాసిన వ్యాసంలో ఇదే చెప్పాడు. ఊరికే నిలబడ్డ సమయం, ఎంతసేపో తెలియని సమయం, ఎందుకు ఆగామో చెప్పని సమయం అసలుకంటే ఎక్కువగా తోస్తాయి. అన్యాయం జరిగిందనిపిస్తే ఇంకా ఎక్కువ. అమెరికాలోని హ్యూస్టన్ విమానాశ్రయం గురించి ఒక ఉదంతం బాగా ప్రచారంలో ఉంది. సామాన్లు రావడానికి చాలాసేపు పడుతోందని ప్రయాణికులు గోల పెడుతుంటే, విమానాల్ని ఇంకా దూరపు గేట్ల దగ్గర ఆపడం మొదలుపెట్టారట. నిలబడే సమయం కాస్తా నడిచే సమయంగా మారింది, ఫిర్యాదులు దాదాపు ఆగిపోయాయి. సామాన్లు ఎప్పుడొచ్చేవో అప్పుడే వచ్చాయి.

పక్క లైనే తొందరగా కదులుతోందన్న బాధ కూడా ఉండే ఉంటుంది మీకు. మూడు లైన్లుంటే, అన్నీ ఒకేలా నడుస్తున్నా, మీది అన్నిటికంటే ముందు కదిలే అవకాశం మూడింట ఒక వంతే. అంటే ఎక్కడ నిలబడినా రెండొంతులు పక్కదే మెరుగ్గా కనిపిస్తుంది. మనల్ని దాటిపోయినవాళ్ళే కళ్ళలో పడతారు, మనం దాటిపోయినవాళ్ళు వెనకే ఉండిపోతారు. అందరినీ ఒకే లైన్లో నిలబెట్టి, ఖాళీ అయిన కౌంటర్‌కి పంపిస్తే ఈ గొడవలు సగం ఉండవు. ఆ ఏర్పాటు చేయనివాళ్ళ మీద నాకూ చిరాకే. కానీ ఆ చిరాకు ముందు నిలబడ్డ మనిషి మీద చూపించేది కాదు.

మధ్యలో దూరినవాళ్ళని ఎలా అడగాలన్నదే అసలు విషయం. స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త న్యూయార్క్‌లో తన విద్యార్థుల చేత 129 క్యూలలో కావాలనే మధ్యలో దూరించాడు. ఆ ఫలితాలు 1986లో అచ్చయ్యాయి. చెయ్యి పట్టి లాగడం, తోయడం దాకా వెళ్ళింది పది క్యూలలో ఒక దాంట్లోనే. మిగతా చోట్ల ఒక మాటతోనో చూపుతోనో సరిపెట్టారు, అసలేమీ అననివాళ్ళూ చాలామందే. నన్ను ఆలోచింపజేసింది ఇంకో సంగతి. దూరమని పంపిన ఆ విద్యార్థుల్లో కొందరికి ముఖాలు పాలిపోయాయి, కడుపులో తిప్పింది, అక్కడక్కడే తచ్చాడారు. వరస తప్పడం మామూలు మనిషికి అంత తేలిక కాదన్నమాట. మొండిగా దూరేవాళ్ళు లేరని అనను, ఉన్నారు. కానీ మీ ముందుకు వచ్చి నిలబడే ప్రతివాళ్ళూ ఆ రకం కాదు. లైన్ ఎక్కడ మొదలైందో తెలియనివాళ్ళు ఉంటారు, చోటు చెప్పి పక్కకి వెళ్ళి వచ్చినవాళ్ళు ఉంటారు. ఆ పెద్దావిడ లాగా.

అందుకని ఇకనుంచి ఒకే ఒక్క వాక్యం పెట్టుకోండి: "మీరు ముందునుంచే లైన్లో ఉన్నారాండీ?" అంతే. మామూలు గొంతుతో, ఆ మనిషికి మాత్రమే వినపడేలా. నిజంగా దూరినవాళ్ళైతే "అయ్యో, చూసుకోలేదండీ" అని పరువుగా వెనక్కి వెళ్ళే దారి దొరుకుతుంది. దూరనివాళ్ళైతే "అవునండీ" అంటారు, అక్కడితో అయిపోతుంది. ఆ రోజు ఇదే అడిగి ఉంటే మీరు నాకు ఉత్తరం రాయాల్సిన పనే ఉండేది కాదు. "కళ్ళు కనబడట్లేదా" అన్నది ప్రశ్న కాదు కదా, తీర్పు. గోటితో పోయేదానికి గొడ్డలి తీశారు.

అడిగినా కదలకపోతే కౌంటర్‌లో ఉన్నవాళ్ళకి చెప్పండి. వాళ్ళూ పట్టించుకోకపోతే వదిలేయండి. రెండోసారి అనకండి, "చూడండి సార్ ఎలా నిలబడ్డాడో" అని చుట్టుపక్కలవాళ్ళని కూడగట్టకండి. మీకు పోయేది ఒక మనిషి వంతు, అంతకంటే ఎక్కువ కాదు.

ఆ వాక్యం మామూలు గొంతుతో రావాలంటే కోపం గొంతుదాకా రాకముందే పట్టుకోవాలి. నాలుక చప్పరించడం, మాటిమాటికీ టైమ్ చూడటం, ముందున్నవాళ్ళ మడమలకి తగిలేంత దగ్గరగా జరగడం... ఇలాంటివి మీలో ఏదో ఒకటి ముందు మొదలవుతుంది. ఏది మొదలవుతుందో మీ ఆవిణ్ణి అడగండి. మీకంటే ముందు ఆవిడకే తెలుస్తుంది, టెన్షన్ పడుతున్నది అందుకే. అది మొదలవగానే అరడుగు వెనక్కి వేసి, ఊపిరి తీసుకున్నదానికంటే ఎక్కువసేపు వదలండి. వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, అది శరీరం పనిచేసే తీరు. ఆలస్యంగా బయల్దేరి, ఆకలి మీద వెళ్ళి నిలబడితే మాత్రం ఏ ఊపిరీ పనిచేయదు. తొందర ఉన్న రోజు ఆ పని పెట్టుకోకండి.

తప్పనిసరి తొందర ఉంటే కారణం చెప్పి అడగండి. ఎలెన్ లాంగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 1978లో ప్రచురించిన ప్రయోగంలో, జిరాక్స్ మెషిన్ దగ్గర ఐదు పేజీల కోసం ముందు వెళ్ళనివ్వమని ఊరికే అడిగితే 60 శాతం మంది ఒప్పుకున్నారు. తొందరగా ఉందని కారణం చెబితే 94 శాతం ఒప్పుకున్నారు. అడిగితే ఇచ్చే మనుషులే అడక్కుండా తీసుకుంటే మండిపడతారు, మీతో సహా. రేపు ఎవరైనా మిమ్మల్ని అలా అడిగితే ఇచ్చి చూడండి. వంతు పోయిందన్న బాధ అప్పుడు ఎంత ఉందో మీకే తెలుస్తుంది.

ఇక మీ పాప. ఆ రోజు గురించి తనతో ఇప్పటిదాకా మాట్లాడలేదని మీ ఉత్తరాన్ని బట్టి అనుకుంటున్నాను. మాట్లాడండి. "ఆవిడతో నేను మాట్లాడిన తీరు తప్పమ్మా" అని చెప్పి ఆగిపోండి. "కానీ ఆవిడ కూడా చెప్పి వెళ్ళాల్సింది" అన్నది వద్దు. తొమ్మిదేళ్ళ పిల్లకి ఆ "కానీ" తర్వాత మాటే గుర్తుంటుంది. తను ఏమైనా అంటే వినండి, సమర్థించుకోకండి. ఆ పెద్దావిణ్ణి ఇప్పుడు వెతికి క్షమాపణ చెప్పలేరు. దాని గురించి కుమిలిపోవడం వల్ల కూడా ఎవరికీ ఉపయోగం లేదు.

మీ ఆవిడ "రాను" అనడాన్ని శిక్ష అనుకోకండి. రమ్మని బలవంతమూ పెట్టకండి. కొన్నాళ్ళు చిన్నచిన్న పనులకి ఒక్కరే వెళ్ళి, ఏ తొందరా లేనప్పుడు క్యూలో నిలబడి, నేను చెప్పిన ఆ వాక్యాన్ని అలవాటు చేసుకోండి. ఆవిడ మళ్ళీ వస్తానన్నప్పుడు ఇద్దరూ ఒక గుర్తు అనుకోండి. ఆవిడ మోచేతి మీద తడితే మీరు మాట మధ్యలోనైనా ఆపేయాలి. "ఇప్పుడు నేనేమన్నానని?" అని అక్కడే వాదన పెట్టుకుంటే ఆ గుర్తు మళ్ళీ పనిచేయదు.

ఒక్క విషయం మీ ఉత్తరంలో లేదు. బండి నడిపేటప్పుడు, ఫోన్‌లో, ఇంట్లో కూడా ఇలాగే ఉంటారా, లేక నిజంగా క్యూల దగ్గరేనా? దీనికి జవాబు మీరు చెప్పుకోకండి, మీ ఆవిణ్ణే అడగండి. "ఇంట్లో కూడా నా గొంతు లేస్తే భయపడుతున్నావా?" అని సూటిగా అడగండి. లేదని ఆవిడ అంటే సరే, పైన చెప్పినవి చాలు. ఔనన్నా, జవాబు చెప్పడానికి తటపటాయించినా, ఆలస్యం చేయకుండా సైకాలజిస్టు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోండి.