సైకియాట్రిక్ నర్సంటే ఎర్రగడ్డ ఒక్కటేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ ఫైనలియర్. ఎమ్మెస్సీలో సైకియాట్రిక్ నర్సింగ్ తీసుకుంటానంటోంది. మామూలు ఆసుపత్రుల్లోనే 'లైజన్ సైకియాట్రీ' ఉంటుందట, అందులో చేస్తుందట. బంధువులేమో "ఎర్రగడ్డలో పడతావా?" అంటున్నారు. అలాంటి ఉద్యోగాలు నిజంగా ఉన్నాయా? (ఒక తండ్రి, ఖమ్మం)

జవాబు: పని బోలెడుంది సార్. పోస్టులే లేవు.

ముందు పని సంగతి. లైజన్ సైకియాట్రీ అంటే వేరే జబ్బుతో మామూలు వార్డుల్లో చేరినవాళ్ల మానసిక సమస్యలు చూడటం. కాలు విరిగి ఆర్థో వార్డులో చేరిన మనిషి మూడో రోజు రాత్రి దుప్పటి పీకుతుంటాడు, చేతులు వణుకుతుంటాయి, గోడ మీద పురుగులు పాకుతున్నాయని అరుస్తాడు. సెలైన్ సూది లాగేస్తాడు. గాలి సోకిందేమోనని ఇంటివాళ్ల భయం. రోజూ తాగే అలవాటున్నవాడికి మూడు రోజులుగా మందు పడలేదు, అదీ విషయం. అశ్రద్ధ చేస్తే ప్రాణం మీదికొస్తుంది. భార్యని పక్కకు పిలిచి "ఆఖరిసారి ఎప్పుడు తాగాడమ్మా?" అని అడగాలని ఆ రాత్రి డ్యూటీ నర్సుకు తోచాలి. తోచకపోతే మంచానికి కట్టేసి తెల్లారేదాకా ఎదురుచూస్తారు.

ఆత్మహత్యాయత్నం చేసి ఎమర్జెన్సీకి వచ్చేవాళ్ల సంగతీ అంతే. ప్రాణం గట్టెక్కాక, మనసులో ఏముందో ఎవరూ అడక్కుండానే డిశ్చార్జి అయిపోతుంటారు. అలాంటి మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, చికిత్స, పునరావాసం ప్రభుత్వ బాధ్యతనీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. చట్టమైతే వచ్చింది, దానికి తగ్గ మనుషుల్ని వేయడమే జరగలేదు.

జనరల్ ఆసుపత్రిలో సైకియాట్రీ మనకు కొత్తేం కాదు. 1933లోనే కలకత్తా ఆర్జీ కర్ ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ మొదలైంది. ఇప్పుడు మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో వార్డు నుంచి సైకియాట్రీకి కాల్ వెళ్తుంది, పీజీ డాక్టరు వచ్చి చూసి కేస్ షీట్‌లో ఒపీనియన్ రాసి వెళ్తారు. ఆ తర్వాత రోగి పక్కన ఉండేది వార్డు నర్సే. లైజన్ అని పేరు పెట్టి విడిగా నర్సు పోస్టు ఇవ్వడం మన దగ్గర చాలా అరుదు. ఆ ప్రకటన కోసం కూర్చుంటే ఏళ్లు గడిచిపోతాయి.

మీ అమ్మాయి బహుశా ఇంగ్లండ్ గురించి చదివి ఉంటుంది. 2009లో బర్మింగ్‌హామ్ సిటీ ఆసుపత్రిలో 'రెయిడ్' పేరుతో పెట్టిన లైజన్ టీమ్ బాగా పనిచేయడంతో అక్కడి ప్రభుత్వానికి దీని మీద గురి కుదిరింది. 'కోర్ 24' అనే నమూనాలో సుమారు 500 పడకల ఆసుపత్రికి కన్సల్టెంట్లు (సీనియర్ సైకియాట్రిస్టులు) ఇద్దరైతే నర్సులు 13 మంది. ఎమర్జెన్సీ నుంచి పిలుపొస్తే గంటలో, వార్డు నుంచైతే 24 గంటల్లో వెళ్లి చూడాలి. అంటే టీమ్‌ని నడిపేది నర్సులే. మీ బంధువులకు చెప్పాల్సిన అంకె ఇదే. అయితే ఆ పోస్టులు బ్యాండ్ 6, 7వి (బ్యాండ్ అంటే అక్కడి జీతాల గ్రేడు), అనుభవం ఉన్నవాళ్లకు. పైగా అక్కడ నర్సింగ్ రిజిస్ట్రేషన్‌లో మానసిక ఆరోగ్య విభాగం వేరు, పెద్దల విభాగం (మామూలు వార్డుల్లో శారీరక జబ్బులు చూసే నర్సులది) వేరు. మామూలు స్టాఫ్ నర్సుగా వెళ్లి తర్వాత మారదామంటే కుదరడం కష్టం. ఏజెంట్లు ఈ ముక్క చెప్పరు.

నా సలహా: డిగ్రీ అవ్వగానే ఎమ్మెస్సీకి పరుగెత్తొద్దు. దానికి ఎలాగూ ఏడాది పని అనుభవం అడుగుతారు. ఆ ఏడాదిని, కుదిరితే రెండేళ్లు, ఐసీయూలోనో మెడికల్ వార్డులోనో గడపనివ్వండి. సోడియం తగ్గి తికమకగా మాట్లాడుతున్న ముసలాయనకీ, మానసిక జబ్బుతో మాట్లాడుతున్నవాడికీ తేడా పట్టడం అక్కడే వస్తుంది. లైజన్‌లో సగం పని అదే. తర్వాత ఎమ్మెస్సీ గానీ, బెంగళూరు నిమ్హాన్స్ లాంటి మానసిక వైద్య సంస్థలో ఏడాది డిప్లొమా గానీ చేయొచ్చు. ఆ చదువులో మానసిక వైద్యశాల పోస్టింగ్ తప్పదు. దానికి ఇంట్లో ఎవరూ టెన్షన్ పడక్కర్లేదు.

ఇప్పుడు ఆమె డ్యూటీ ఏ వార్డులో ఉందో అక్కడ ఒక లెక్క రాసుకోమనండి. పేర్లు వద్దు, అంకెలు చాలు. నెలలో సైకియాట్రీకి ఎన్ని కాల్స్ వెళ్లాయి? వెళ్లాల్సి ఉండీ వెళ్లనివి ఎన్ని? రేపు ఎమ్మెస్సీలో థీసిస్ టాపిక్ ఏంటని గైడ్ అడిగినప్పుడు ఆ కాగితం ముందు పెట్టొచ్చు.