హైదరాబాద్ చూడ్డానికి ఎన్ని యాప్‌లు కావాలి?

ప్రశ్న: దసరా సెలవులకు నలుగురం హైదరాబాద్ వస్తున్నాం. సికింద్రాబాద్‌లో రైలు దిగి సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్, గోల్కొండ అన్నీ మెట్రో, బస్సుల్లోనే తిరగాలని ఉంది. నా ఫోన్ 32 జీబీది, ఎప్పుడూ స్టోరేజీ ఫుల్లే. ఏయే యాప్‌లు వేసుకోవాలి?
– పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: బస్సుల కోసం ఒక్కటి తప్ప కొత్తవి వేసుకోకపోయినా పని జరిగిపోతుంది. గూగుల్ మ్యాప్స్, వాట్సాప్ మీ ఫోన్లో ఎలాగూ ఉంటాయి. మెట్రోకు టీ సవారీ అనే సొంత యాప్ ఉంది కానీ, రెండు మూడు రోజుల కోసం దాన్ని దించుకోమని చెప్పను. 2022 నుంచి వాట్సాప్‌లోనే టికెట్ తీసుకోవచ్చు. ఆ నంబరు కోసం మాత్రం నెట్‌లో వెతక్కండి, నకిలీవి తగలొచ్చు. స్టేషన్లో పెట్టిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే సరైన చాట్ తెరుచుకుంటుంది. టికెట్ పేరుతో ఎవరైనా ఏపీకే ఫైల్ (ఫోన్లో నేరుగా యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైల్) పంపితే తెరవకుండా డిలీట్ చేసేయండి.

టికెట్ కొనేటప్పుడు ఒక తికమక ఉంది. ‘సికింద్రాబాద్’ అని కొడితే ఈస్ట్, వెస్ట్ అని రెండు స్టేషన్లు వస్తాయి. రెండూ రైల్వే స్టేషన్‌కు దగ్గరివే, లైన్లే వేరు. ఈస్ట్ నాగోల్–రాయదుర్గం నీలం లైన్లో ఉంటుంది, హైటెక్ సిటీ వైపు వెళ్లేవాళ్లకు అది. మీకు కావాల్సింది వెస్ట్. అక్కడ ఆకుపచ్చ లైన్ ఎక్కితే రైలు మారే పని లేకుండా చివరి స్టేషన్ ఎంజీబీఎస్‌లో (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దిగుతారు. పొరపాటున ఈస్ట్ నుంచి తీసుకున్నా కంగారొద్దు, పక్క స్టేషన్ పరేడ్ గ్రౌండ్‌లో లైన్ మారొచ్చు. మధ్యలో గేటు దాటి బయటికి మాత్రం రాకండి.

చార్మినార్ దగ్గర మెట్రో స్టేషన్ లేదు. ఎంజీబీఎస్‌లో దిగి మూసీ దాటితే ముందు సాలార్‌జంగ్, ఆ తర్వాత చార్మినార్. పిల్లలుంటే ఆటో ఎక్కండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు, ప్లాన్ అలా వేసుకోండి. గోల్కొండకూ మెట్రో లేదు. బస్సే గతి.

బస్సుల విషయంలో మ్యాప్స్ చెప్పే టైమును నేను పెద్దగా పట్టించుకోను. అది చాలావరకు కాగితం మీది టైము, మన ట్రాఫిక్ దాని మాట వినదు. రూటు నంబరు తెలుసుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది. బస్సు నిజంగా ఎక్కడిదాకా వచ్చిందో చూడాలంటే ఆర్టీసీ వాళ్ల ‘గమ్యం’ ఉంది. పాత వీడియోలు కొన్ని తీసేసి ఆ ఒక్క యాప్‌కు చోటివ్వండి. రోజంతా బస్సుల్లోనే తిరిగేట్టయితే కండక్టర్‌ను టీ-24 టికెట్ అడగండి, 24 గంటలు చెల్లుతుంది.

ఇక బ్యాటరీ. మెట్రోలో ఎక్కేటప్పుడే కాదు, దిగేటప్పుడూ క్యూఆర్ చూపాలి. ఫొటోలు, రీల్స్ తీసీ తీసీ గేటు దగ్గరికొచ్చేసరికి ఫోన్ ఆగిపోతే టెన్షన్. పవర్ బ్యాంక్ లేకపోతే సాయంత్రం టికెట్‌ను ఫోన్లో కాకుండా కౌంటర్లోనే తీసుకోండి. గేటు మెషీన్ కోడ్ చదవకపోతే ముందు బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి చూడండి.

ప్రశ్న: ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుంటే డేటా లేకుండా బస్సు రూట్లు కనిపిస్తాయా?
– పాఠకుడు, నంద్యాల

జవాబు: కనిపించవు. ఆఫ్‌లైన్‌లో కారు దారి మాత్రమే చూపిస్తుంది, నడక దారి కూడా రాదు. జీపీఎస్‌కు డేటా అక్కర్లేదు కాబట్టి మీరెక్కడున్నారో తెలుస్తుంది. హోటల్ వైఫైలో ఉన్నప్పుడే ఆ రోజు రూట్లు వెతికి స్క్రీన్‌షాట్లు తీసుకోండి.

ప్రశ్న: అమ్మ ఆధార్‌లో విజయవాడ అడ్రస్ ఉంది. ఫోన్లో ఆధార్ చూపిస్తే హైదరాబాద్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంటుందా?
– పాఠకుడు, విజయవాడ

జవాబు: ఉండదు. మహాలక్ష్మి పథకం తెలంగాణ మహిళలకే. ఫోన్లో చూపినా, ఒరిజినల్ కార్డు చూపినా అడ్రస్ ఇక్కడిది కావాలి. అమ్మగారికి టికెట్ తీసుకోండి, చిల్లర కూడా దగ్గర పెట్టుకోండి. కిక్కిరిసిన బస్సులో యూపీఐ తిరుగుతూనే ఉంటే కండక్టర్ ఆగడు.