వింత నవల మీద నీ మాట రాసే ముందు

నల్లగొండ

బిడ్డా,

'ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్' నవల మీద నువ్వు రాసిన పేజీ రెండుసార్లు చదివాను. "తలా తోకా లేని కథ" అని మొదటి వాక్యంలోనే తేల్చేశావు. వయసులో ఉన్నప్పుడు నేనూ ఒక నవలను ఇట్లాగే కొట్టిపారేసి, పదేళ్ల తర్వాత మళ్లీ చదివి చాలా బాధపడ్డాను. అందుకే ఈ ఉత్తరం.

మొన్న దసరాకు పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం చూశాం కదా. పొద్దు ఎటు తిరిగినా గర్భగుడిలో పడే స్తంభం నీడ కదలదు. నువ్వు "ఇదెట్లా పెద్దనాయనా?" అని అడిగావు గానీ, అబద్ధమని అనలేదు. స్తంభాలు ఎక్కడ నిలపాలో, వెలుతురు ఎటునుంచి రావాలో లెక్క చూసి కట్టారు దాన్ని. 1865లో అచ్చయిన ఈ నవల రాసిన లూయిస్ క్యారల్ కూడా ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కల పంతులే. ఆయన వింతలకూ ఒక లెక్క ఉంది. ముందు దాన్ని వెతుకు.

కోర్టు ఘట్టమే తీసుకో. "ముందు శిక్ష, తర్వాత తీర్పు" అంటుంది రాణి. అది పిచ్చిమాట అని రాశావు. తప్పు ఎవరిదో తేలకముందే జరిమానా వేసిన పంచాయితీ చూసినవాళ్లకు అది పిచ్చిమాటగా అనిపించదు బిడ్డా.

పద్యాల దగ్గర నవ్వు రాలేదన్నావు. ఆ కాలం ఇంగ్లండు పిల్లలు బట్టీపట్టిన నీతి పద్యాలను ఆలిస్ తారుమారు చేసి చెబుతుంది. "ఉప్పు కప్పురంబు" అని ఎత్తుకొని పప్పూ కారంతో ముగిస్తే మన పిల్లలు పడీపడీ నవ్వరా? అసలు పద్యం తెలియకుంటే ఆ నవ్వు అందదు. ఆ సంగతే రాయి.

టీ పార్టీ అధ్యాయం మాత్రం తమ్ముణ్ణి పక్కన కూచోబెట్టుకొని గట్టిగా చదువు. వాడు ఎక్కడ నవ్వాడో, ఎక్కడ లేచిపోయాడో అక్కడే పెన్సిల్‌తో గీత పెట్టు. మాటలతో ఆడుకునే పుస్తకం కళ్లతో చదివితే సగమే అందుతుంది.

విసుగొచ్చిన చోటు దాచకు. ఆ నకిలీ తాబేలు ఏడుపు నాకు ఇప్పటికీ ఎక్కువే అనిపిస్తుంది. కథంతా చెప్పకు, కుందేలు వెంట బొరియలో పడేదాకా చాలు. పిల్లల పుస్తకమే కదా అని తేలిక చేసి మాత్రం రాయొద్దు.

పాత పేజీ చింపకు. దీపావళికి వచ్చేటప్పుడు రెండూ తీసుకురా, పక్కపక్కన పెట్టుకొని చదువుదాం.

మీ పెద్దనాయన