సమరయుడు తన ప్రయాణం మానుకోలేదు

"'నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను' అని ఉంది కదా, అంటే ముందు నన్ను నేను ప్రేమించుకోవడం నేర్చుకోవాలా? లేక అది స్వార్థమా?" అని మీ ప్రశ్న.

నేర్చుకోనక్కర్లేదు. కాలిలో ముల్లు దిగితే చెయ్యి ఎవరూ చెప్పకుండానే అక్కడికి పోతుంది. తన శరీరాన్ని ద్వేషించినవాడు ఎవడూ లేడు, ప్రతివాడూ దాన్ని పోషించుకుంటాడని అపొస్తలుడైన పౌలు ఎఫెసీ 5:29లో అన్నాడు. ఆ పోషణే కొలబద్ద. లేవీయకాండం 19:18లో ఈ ఆజ్ఞ వచ్చేముందు ఏముందో చదవండి: పొలం అంచులు పూర్తిగా కోయకు, పరిగె ఏరకు, బీదలకూ పరదేశులకూ వదిలెయ్, కూలివాడి కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోకు, గుడ్డివాడి ముందు అడ్డం పెట్టకు. దాదాపు అన్నీ చేతులతో చేసే పనులే. పొలం మొత్తం రాసిచ్చెయ్ అని మాత్రం లేదు. అంచులు వాళ్లకు, మిగతాది నీ ఇంటికి.

యూత్ మీటింగుల్లో ఈమధ్య అద్దం ముందు నిలబడి "నేను విలువైనదాన్ని" అని పదిసార్లు అనిపిస్తున్నారు. కుంగిపోయినవాళ్లకు అలాంటి మాట కావాలి, కాదనను. కానీ దాన్ని ఈ వాక్యం మీద నిలబెట్టకండి. 2 తిమోతి 3:2లో చివరిరోజుల మనుషుల జాబితాలో మొట్టమొదట ఉన్నది స్వార్థప్రియులే.

ఇక "పొరుగువాడెవడు?" అన్న ధర్మశాస్త్రోపదేశకుడికి యేసు చెప్పిన కథ, లూకా 10. ప్రసంగాల్లో యాజకుణ్ణీ లేవీయుణ్ణీ తిట్టడంతోనే సమయం అయిపోతుంది, 34, 35 వచనాలు ఎవరూ నెమ్మదిగా చదవరు. యెరూషలేము నుంచి యెరికోకు దారి పాతిక కిలోమీటర్ల పైమాటే, దాదాపు వెయ్యి మీటర్ల దిగుడు, దొంగలు దాక్కోవడానికి వీలైన కొండలు. అక్కడ ఒక ప్రయాణికుణ్ణి దొంగలు కొట్టి కొనప్రాణంతో వదిలేస్తే, దేవాలయ సేవకులైన యాజకుడూ లేవీయుడూ చూసి పక్కగా పోయారు. యూదులు దూరం పెట్టే సమరయ జాతివాడు ఒకడు మాత్రం ఆగి నూనె, ద్రాక్షారసం పోసి అతని గాయాలు కట్టాడు. ద్రాక్షారసం గాయాన్ని కడుగుతుంది, నూనె మంట తగ్గిస్తుంది. రెండూ తన ప్రయాణానికి తెచ్చుకున్న సామానే అయ్యుంటాయి. తన వాహనం మీద అతణ్ణి ఎక్కించాడు, అంటే మిగతా దారి తను నడిచే ఉంటాడు. ఆ రాత్రి సత్రంలో పరామర్శించాడు. మర్నాడు పూటకూళ్లవాడికి రెండు దేనారాలిచ్చాడు. మత్తయి 20 లెక్కన దేనారం ఒక రోజు కూలి, కాబట్టి రెండు రోజుల కూలి. ఇంకా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు తీరుస్తానన్నాడు.

తర్వాత తన దారిన తను వెళ్లిపోయాడు!

ప్రయాణం రద్దు చేసుకోలేదు, వాహనం అక్కడే వదిలెయ్యలేదు, రాత్రింబవళ్లు మంచం పక్కన కూర్చోలేదు. పని తెలిసినవాడికి అప్పజెప్పి, డబ్బు కట్టి, మళ్లీ వచ్చి చూసే బాధ్యత ఉంచుకున్నాడు. అపొస్తలుల కార్యములు 6లోనూ ఇదే పద్ధతి: విధవరాళ్లకు రోజూ భోజనం పంచడంలో లోటు వస్తే పన్నెండుమంది అపొస్తలులు అన్నీ తామే మోయలేదు, ఏడుగురిని ఎన్నుకొమ్మని సంఘానికి చెప్పి వాళ్లను ఆ పనికి నియమించారు. మన సంఘాల్లో ప్రేమవిందు వస్తే మాత్రం ఆ నలుగురు అక్కలే తెల్లవారుజామున ఉల్లిపాయలు తరగాలి, చివర గిన్నెలూ వాళ్లే కడగాలి. పైగా దానికి "పరిచర్య" అని పేరు.

తన్ను తాను ప్రేమించుకోవడమే ముందనడం ఒక పక్క తప్పయితే, రెండో పక్క తప్పు ఇంకా ప్రమాదం. "తన్ను తాను ఉపేక్షించుకొని" అన్న లూకా 9:23 చూపించి, భర్త కొట్టే ఆడమనిషిని "సర్దుకుపో తల్లీ, ప్రార్థన చెయ్యి" అని ఇంటికి పంపేస్తారు. సిలువ ఎవరిది వాళ్లు ఎత్తుకునేది, ఒకరి నెత్తిన ఇంకొకరు పెట్టేది కాదు. ఆ పెద్దలే ఎఫెసీ 5:28 భర్తకు చదివి వినిపించాలి: సొంత శరీరాన్ని ప్రేమించినట్టు భార్యను ప్రేమించాలని అక్కడుంది. దెబ్బలుంటే ముందు ఆసుపత్రి, 181 మహిళా హెల్ప్‌లైన్, ప్రార్థన ఆ దారిలోనే చేసుకోవచ్చు.

ఇక డబ్బు దగ్గర. సంఘంలో తమ్ముడు చిట్టీ పాడుకుని హామీ సంతకం పెట్టమంటాడు. కాదంటే ప్రేమ లేదేమోనని జంకి పెట్టేస్తారు. అతను కట్టకపోతే మొత్తం బాకీకి మిమ్మల్నీ అతనితో సమానంగా పట్టుకోవచ్చు. సామెతలు 22:26-27 సూటిగా అడుగుతుంది: చెల్లించడానికి ఏమీ లేనప్పుడు నీ కింది పరుపు లాక్కుపోయేదాకా తెచ్చుకోవడమెందుకు? ఇవ్వగలిగినంత, తిరిగి రాకపోయినా ఇల్లు గడిచేంత, ఇంట్లోవాళ్లకు చెప్పి ఇవ్వండి. ఫీజయితే కాలేజీలో, మందులయితే షాపులో మీరే కట్టండి. సంతకం మాత్రం పెట్టకండి. ఇప్పటికే పెట్టేసి ఉంటే, త్వరపడి వెళ్లి విడిపించమని బతిమాలుకొమ్మని చెప్పే సామెతలు 6:1-5 ఈ రాత్రే చదివి, రేపు పొద్దున్నే ఆ తమ్ముడి ఇంటికి వెళ్లండి.